‘సమక్షంలో’ అని రాస్తే ఎవరు ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా నాన్నగారికి 79 ఏళ్లు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట, జ్ఞాపకం మాత్రం బాగున్నాయి. నాగోలులో తన స్వార్జితమైన ఫ్లాటును నా పేర వీలునామా రాస్తానంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్యకూ ఇది సమ్మతమే. తనూ తన స్నేహితుడూ వీడియో కాల్‌లో చూసి, సాక్షి సంతకాలు చేసి పంపిస్తామంటున్నాడు. ‘కోర్టులే వీడియోలో సాక్ష్యం తీసుకుంటున్నాయి, దీనికేం అడ్డు?’ అంటాడు. ఇంకొక విషయం. రామంతాపూర్‌లో మా ఇద్దరి పేర ఉన్న పాత ఇల్లు అమ్ముతున్నాం. రిజిస్ట్రేషన్‌కి అన్నయ్య రాక తప్పదా? ఆ ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉన్నవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు. డ్రాఫ్టులో మాత్రం ‘ఖాళీ భౌతిక స్వాధీనం నేటి దినమే ఇచ్చితిమి’ అని ఉంది. డాక్యుమెంట్ రైటర్‌ని అడిగితే, ‘అది అందరికీ రాసేదే మేడమ్, టెన్షన్ పడకండి’ అన్నాడు. సంతకం పెట్టొచ్చా? వీలునామాకి మావారు సాక్షిగా ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మీ డాక్యుమెంట్ రైటర్ మాట సంగతి చూద్దాం. ‘అందరికీ రాసేదే’ అన్నది నిజమే. కానీ అందరి ఇళ్లలోనూ కిరాయిదారు ఉండడు. దస్తావేజులో ‘ఇచ్చితిమి’, ‘ముట్టినది’, ‘మా సమక్షంలో సంతకం చేసినారు’ అని వచ్చే ప్రతి మాటా, ఫలానా రోజున ఫలానా మనిషి ఫలానా పని చేశాడని మీరు ఒప్పుకుంటూ రాసిచ్చే వాంగ్మూలం. రేపు తగాదా వస్తే కోర్టు మొదట చదివేది ఆ వాక్యాన్నే. అది నిజం కాదని మీరు అంటే, నిరూపించుకోవాల్సిన బరువు మీ మీదే పడుతుంది. అందుకే మీ ప్రశ్నలన్నిటికీ నేను చెప్పేది ఒకటే. ఆ వాక్యంలో ఉన్న పని నిజంగా జరిగిందా, జరిగితే ఎవరి కళ్లముందు జరిగింది అని చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక నాన్నగారి వీలునామా. చెయ్యి పడిపోయిందని దిగులు పడకండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసేవారు సంతకమైనా చేయొచ్చు, గుర్తయినా వేయొచ్చు. వేలిముద్ర చెల్లుతుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేయించండి. అది వీలునామా అంతా ముగిసిన చోట పడాలి. పైన ఖాళీలోనో, పక్క మార్జిన్‌లోనో మాత్రమే వేసి వదిలేయకూడదు, ఎందుకంటే ఆ రాతను అమల్లో పెట్టాలన్న ఉద్దేశంతోనే వేశారని ముద్ర ఉన్న చోటును బట్టి తెలియాలని చట్టం అంటుంది. ముద్ర కింద ‘ఫలానా వారి ఎడమ బొటనవేలి ముద్ర’ అని రాయించండి. వీలునామా మొత్తం ఆయనకు చదివి వినిపించారనీ, విని సరేనన్నాకే ముద్ర వేశారనీ ఒక వాక్యం చేర్చండి. నిజంగానే చదివి వినిపించండి, నిదానంగా, ఆయన మధ్యలో ప్రశ్నలు అడిగేలా. ఆయన తరఫున ఇంకొకరు సంతకం చేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది, అయితే ఆయన చెప్పగా, ఆయన ఎదుటే చేయాలి. మీకు ఆ అవసరం లేదు.

సాక్షులు కనీసం ఇద్దరు. చట్టం వాళ్లను అడిగేది రెండు పనులు. మొదటిది, నాన్నగారు ముద్ర వేస్తుండగా చూడటం, లేదా ‘ఈ ముద్ర నేను వేసిందే’ అని ఆయన నోటితో చెప్పగా వినడం. రెండోది, నాన్నగారి సమక్షంలో తాము సంతకం చేయడం. ఇక్కడ చాలామందికి తెలియని సడలింపు ఒకటుంది. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండాలని చట్టం అనలేదు. ఒకరు పొద్దున వచ్చి సంతకం చేసి వెళ్లి, ఇంకొకరు సాయంత్రం వచ్చి, నాన్నగారి నోట ‘ముద్ర నాదే’ అని విని సంతకం చేసినా చెల్లుతుంది. సాక్షి సంతకం చేసేటప్పుడు రెండో సాక్షి లేకపోయినా ఫర్వాలేదు గానీ, నాన్నగారు లేకపోతే కుదరదు. అయినా ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టమనే నా సలహా. రేపు వాళ్లు చెప్పాల్సిన కథ సులువుగా ఉంటుంది.

సమక్షం అంటే ఎంత దగ్గర? ఇంగ్లండులో 1781లో తీర్పు వచ్చిన ఒక పాత కేసు దీనికి బాగా పనికొస్తుంది. ఒక ఆవిడ వీలునామా రాయడానికి లాయరు ఆఫీసుకు వెళ్లింది. ఆమెకు ఉబ్బసం, లోపల ఉక్కపోత. తన సంతకం చేసేసి, బయట ఆపిన గుర్రబ్బండిలోకి వెళ్లి కూర్చుంది. లోపల సాక్షులు సంతకాలు చేస్తున్నారు. సరిగ్గా ఆ సమయానికి బండి కాస్త వెనక్కి జరిగి, దాని కిటికీ ఆఫీసు కిటికీకి ఎదురుగా వచ్చింది. ఆవిడ తల తిప్పితే సాక్షుల చేతులు కనబడతాయి. తిప్పిందో లేదో ఎవరికీ తెలియదు. అయినా చూడాలనుకుంటే చూడగల చోట ఉంది కాబట్టి సాక్షులు ఆమె సమక్షంలోనే సంతకం చేసినట్టని కోర్టు తేల్చింది. అంటే ఒకే గదిలో ఉండటం కన్నా, ఏ కాగితం మీద ఎవరి చెయ్యి కదులుతోందో రాసిన మనిషి కళ్లకు కనబడే వీలు ఉండటం ముఖ్యం.

అలాగైతే వీడియోలోనూ కనబడుతుంది కదా అని మీ అన్నయ్య అంటాడు. ఆయన వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 2003లో సుప్రీంకోర్టు ప్రఫుల్ దేశాయ్ కేసులో, అమెరికాలో ఉన్న డాక్టరు సాక్ష్యాన్ని వీడియో కాన్ఫరెన్స్‌లో తీసుకోవచ్చని చెప్పింది. నిందితుడి సమక్షంలో సాక్ష్యం తీసుకోవాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అంటోంది. ఆ సమక్షం దేహంతోనే ఉండనక్కర్లేదు, సాక్షిని చూడగలిగి, వినగలిగి, ప్రశ్నించగలిగితే చాలని కోర్టు భావించింది. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత అయితే విచారణలను ఆడియో, వీడియో పద్ధతిలో జరపడానికి నేరుగానే వీలు కల్పించింది.

కానీ అక్కడ సమక్షం ఎందుకు అడిగారో, ఇక్కడ ఎందుకు అడుగుతున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. కోర్టులో సాక్షి చెప్పేది మాట. మాట తెర మీద నుంచి కూడా వస్తుంది. ఎదురు ప్రశ్నా వేయొచ్చు. వీలునామా దగ్గర కావలసింది ఒక కాగితం, దాని మీద పడిన ముద్ర, ఆ పక్కనే పడే సాక్షి సంతకం. మీ ఇంట్లో నాన్నగారు ముద్ర వేసిన కాగితం ఉప్పల్‌లో ఉంటుంది. అన్నయ్య పెన్ను డల్లాస్‌లో ఉంటుంది. ఆయన సంతకం చేసేది ప్రింటు తీసుకున్న ఇంకో కాగితం మీద, లేదా కొరియర్‌లో వారం తర్వాత చేరే అసలు కాగితం మీద. మొదటిదైతే అది ఈ వీలునామా కాదు. రెండోదైతే, ఏడు రోజుల కిందట తెర మీద చూసిన కాగితం ఇదేనని ఆయన ఎలా చెప్పగలడు? మధ్యలో ఒక పేజీ మారినా ఆయనకు తెలియదు. ఈ అనుమానానికి చోటివ్వకూడదనే మనిషి ఎదుట మనిషి ఉండాలని చట్టం పట్టుబట్టింది.

కోవిడ్ రోజుల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో వీలునామాకి వీడియో సాక్ష్యం ఒప్పుకున్న మాట నిజం. అయితే ఊరికే ఒప్పుకోలేదు. చట్టానికి సవరణ చేసి, 2020 జనవరి 31 నుంచి 2024 జనవరి 31 వరకు రాసిన వీలునామాలకే పరిమితం చేశారు. మన 63వ సెక్షన్‌కు అలాంటి సవరణేదీ రాలేదు. ఐటీ చట్టం కూడా వీలునామాను తన పరిధి నుంచి బయటే ఉంచింది కాబట్టి డిజిటల్ సంతకమూ దీనికి పనికిరాదు. మీ అన్నయ్యకు నా మాటగా చెప్పండి. వీడియో కాల్‌లో ఆయన చూస్తూ ఉండటంలో తప్పేమీ లేదు, కొడుకు చూస్తుంటే నాన్నగారికీ ధైర్యం. సాక్షిగా మాత్రం వద్దు. మీ నాన్నగారి కోరిక ఒక కాగితం లోపం వల్ల చెల్లకుండా పోతే, ఆ రోజు సరిదిద్దడానికి ఆయన ఉండరు.

మీవారిని కూడా సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల వీలునామాల్లో అయితే సాక్షికి గానీ, సాక్షి భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి చెల్లదని వారసత్వ చట్టం 67వ సెక్షనే చెబుతుంది. హిందువుల వీలునామాలకు ఆ సెక్షన్ వర్తించదు. అయినా ఆస్తి పొందే కూతురి భర్తే సాక్షి అయితే అనుమానపడేవాళ్లకు అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. వెంకటాచల అయ్యంగార్ కేసు నాటి నుంచి సుప్రీంకోర్టు ఒకే మాట చెబుతోంది. ఎక్కువ లాభం పొందేవారే వీలునామా రాయించడంలో ముందుండి అంతా నడిపిస్తే, ఆ అనుమానాన్ని తొలగించాల్సింది వాళ్లే. కాబట్టి ఆ రోజు మీరు పక్క గదిలో ఉండండి. డ్రాఫ్టు గురించి లాయరుతో మాట్లాడేది నాన్నగారే కానివ్వండి. ఇన్నాళ్లూ ఆయనకు సేవ చేసిన మనిషిని ఆ గదిలో ఉండొద్దంటే కష్టంగానే ఉంటుంది, కానీ మీ మంచికే చెబుతున్నాను.

సాక్షుల్లో ఒకరు ఆయనకు వైద్యం చేసే డాక్టరైతే మంచిది, ఇంకొకరు నాన్నగారి కన్నా వయసులో చిన్నవారైన పొరుగువారో, పాత సహోద్యోగో అయితే చాలు. వీలునామాను కోర్టులో రుజువు చేయాల్సి వస్తే, బతికుండి రాగలిగిన సాక్షి ఉన్నంతవరకు కనీసం ఒకరిని బోనెక్కించాల్సిందే. అందుకే వయసు మాట ఎత్తాను. డాక్టరుగారికి ముందే స్పష్టంగా చెప్పండి, ఆయన ‘ఆరోగ్యంగా ఉన్నారు’ అని సర్టిఫికెట్ ఇచ్చి సంతకం చేయడం వేరు, ముద్ర వేయడం చూసి సాక్షిగా సంతకం చేయడం వేరు. 1969లో సుప్రీంకోర్టు అబ్దుల్ జబ్బార్ సాహెబ్ కేసులో ఈ తేడానే చూపించింది. దస్తావేజు రాసినవాడు, సబ్ రిజిస్ట్రార్ ముందు ‘ఈయనే ఫలానా’ అని గుర్తుపట్టినవాళ్లు, చివరికి రిజిస్ట్రార్ కూడా, సాక్ష్యం పలకాలన్న ఉద్దేశంతో సంతకం చేయకపోతే అటెస్టింగ్ సాక్షులు కారు. కాగితం మీద పది సంతకాలున్నా అసలు సాక్షి ఒక్కడూ లేని వీలునామాలు ఇలాగే తయారవుతాయి.

వీలునామా రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే. నాన్నగారు ఆఫీసు మెట్లు ఎక్కలేకపోతే, తగిన కారణం చూపి సబ్ రిజిస్ట్రార్‌నే ఇంటికి పిలిపించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. మన దగ్గర ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. దరఖాస్తు పెట్టి ఫీజు కడితే సరి.

ఇప్పుడు రామంతాపూర్ ఇల్లు. ‘ఖాళీ భౌతిక స్వాధీనం’ అంటే తలుపు తీస్తే లోపల మనిషీ, సామానూ ఉండకూడదు. మీ పై పోర్షన్‌లో ఒక కుటుంబం వండుకు తింటోంది. వాళ్లుండగా మీరు ఆ వాక్యం కింద సంతకం పెడితే, మూడు నెలల తర్వాతా వాళ్లు కదలకపోతే, కొన్నాయన మిమ్మల్నే పట్టుకుంటాడు. ‘ఖాళీగా ఇచ్చామని రాసిచ్చారు, ఇవ్వలేదు, నాకైన నష్టం కట్టండి’ అంటాడు. అప్పుడు ‘రైటర్ రాసిందే కదా’ అంటే వినేవాళ్లుండరు.

అలాగని కిరాయిదారు ఉన్న ఇల్లు అమ్మకూడదని కాదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారిని అడిగేది, ఆ ఆస్తి స్వభావాన్ని బట్టి ఎలాంటి స్వాధీనం సాధ్యమో అలాంటిది ఇవ్వమని. కిరాయిదారు ఉన్న చోట ఓనరుకు ఉన్న స్వాధీనమే కిరాయి రూపంలో ఉంటుంది. దాన్నే కొన్నాయనకు అప్పగిస్తారు.

ఈ రెండు రకాల స్వాధీనాన్నీ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎంత స్పష్టంగా వేరు చేసిందో చూడండి. ఇల్లు అప్పగించమని డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, వచ్చిందనుకుందాం. ఓడినవాడే లోపలుంటే 21వ ఆర్డర్ 35వ రూల్ ప్రకారం కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి అమీనా వెళ్లి, ఖాళీ చేయనివాణ్ని బయటికి పంపి, కావాలంటే తాళం తీయించి, తలుపు పగలగొట్టించి మరీ గెలిచినవాడికి అప్పగిస్తాడు. లోపల ఉన్నది ఖాళీ చేయాల్సిన బాధ్యత లేని కిరాయిదారైతే 36వ రూల్. వారంటు నకలును అందరికీ కనబడే చోట అంటించి, తప్పెట కొట్టించి గానీ, ఆ ఊరి అలవాటు ప్రకారం గానీ డిక్రీ సంగతి చాటిస్తాడు. ఒక్క గిన్నె కూడా బయటికి రాదు. లోపలివాళ్లు వంట చేసుకుంటూనే ఉంటారు. అయినా చట్టం దృష్టిలో స్వాధీనం చేతులు మారినట్టే. మీ ఇంటి కింది పోర్షన్‌ది మొదటి రకం అప్పగింత, పై పోర్షన్‌ది రెండో రకం.

కాబట్టి డ్రాఫ్టు మార్పించండి. కింది పోర్షన్ తాళాలు ఫలానా తేదీన అప్పగించామని, పై పోర్షన్‌లో నెలకు ఇంత కిరాయికి ఫలానా వారు ఉన్నారని, ఆ కిరాయి ఫలానా తేదీ నుంచి కొనుగోలుదారుకే చెందుతుందని, కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్స్ కొనుగోలుదారుకు బదిలీ చేశామని రాయించండి. ‘ఇక నుంచి ఇంటి ఓనరు ఫలానా వారని నాకు తెలుసు, కిరాయి వారికే కడతాను’ అని కిరాయిదారు చేత ఒక ఉత్తరం తీసుకోండి. కొన్నాయన ఖాళీ ఇల్లే కావాలంటే, ఖాళీ అయ్యేదాకా కొంత సొమ్ము తన దగ్గరే ఉంచుకునేలా ఒప్పందం రాసుకోండి, లేదా రిజిస్ట్రేషనే వాయిదా వేయండి. తాళాలిచ్చే రోజున రెండు వరుసల కాగితం చాలు. ఎన్ని తాళాలు, కరెంటు మీటరు రీడింగ్ ఎంత, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఇరువైపులా సంతకాలు. ‘పూర్తి సొమ్ము ముట్టినది’ అన్న వాక్యాన్నీ ఇదే కంటితో చూడండి. బ్యాంకు ఖాతాలో పడకముందే ముట్టిందని రాసివ్వొద్దు. ఏ చెక్కు, ఏ నంబరు, ఏ తేదీ అన్నది అందులోనే ఉండాలి.

అన్నయ్య సంగతికొస్తే, ఆయన రానక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ముందు హాజరై ‘ఇది మేం రాసిచ్చిందే’ అని ఒప్పుకునే పని, సరైన పవర్ (పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పని చేయమని రాసిచ్చే అధికార పత్రం) ఉన్న ఏజెంటు కూడా చేయొచ్చు. అన్నయ్య సేల్ డీడ్ మీద అక్కడే సంతకం చేసి పంపినా, ఇక్కడ ఒప్పుకునే మనిషి ఉండాల్సిందే కాబట్టి, పవరే ఇవ్వడం మేలు. ఈ ఒక్క ఇంటికే, మీ పేర, స్పెషల్ పవర్. ఏ పనులు చేయొచ్చో విడివిడిగా రాయాలి. సేల్ డీడ్ మీద సంతకం చేయడం, రిజిస్ట్రేషన్‌కు సమర్పించడం, రాసిచ్చినట్టు ఒప్పుకోవడం, సొమ్ము తీసుకోవడం, స్వాధీనం ఇవ్వడం. పవర్‌లో లేని పనిని మీరు చేస్తే అది ఆయన చేసినట్టు కాదు. కోర్టులు ఈ పత్రాలను అక్షరం పట్టి చదువుతాయి.

ఇక్కడ కూడా సమక్షం షరతు ఉంది. విదేశంలో ఉన్నవారు పవర్‌ను అక్కడి నోటరీ, కోర్టు, జడ్జి, మేజిస్ట్రేటు, లేదా భారత కాన్సల్ ఎదుట రాసివ్వాలనీ, వాళ్లు ధ్రువీకరించాలనీ రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెబుతుంది. టెక్సాస్ వాళ్లకు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్. అమెరికాలో ఆన్‌లైన్ నోటరీ సౌకర్యం ఉందని అన్నయ్య అంటాడేమో. ఆ దారి వద్దు. మన చట్టం ‘ఎదుట’ అన్నప్పుడు, తెర మీద చూసిన నోటరీ సరిపోతాడా లేదా అన్న చర్చ ఉప్పల్ సబ్ రిజిస్ట్రార్ కౌంటర్ దగ్గర మీకెందుకు? ఒక పూట సెలవు పెట్టి, కాన్సల్‌కో, మనిషిగా కూర్చున్న నోటరీకో ఎదురుగా సంతకం చేయమనండి. నోటరీ చేతైతే దాని మీద అపోస్టిల్ ముద్ర (ఆ నోటరీ సంతకం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా వేయించమనండి.

రిజిస్ట్రేషన్ రోజున మీరు రెండు హోదాల్లో కూర్చుంటారు, మీ తరఫున ఒకసారి, అన్నయ్య తరఫున ఒకసారి. ఫొటో, వేలిముద్రలు మీవే. సబ్ రిజిస్ట్రార్ ‘రాసిచ్చారా, సొమ్ము ముట్టిందా’ అని అడిగినప్పుడు తలూపి ఊరుకోకండి, నోటితో చెప్పండి. మీ జవాబును బట్టే దస్తావేజు వెనక ఎండార్స్‌మెంట్, అంటే సబ్ రిజిస్ట్రార్ రాసే నమోదు, పడుతుంది. ఆ వెనక పేజీ కూడా చదివాకే సంతకం పెట్టండి. వెనక జనం తొందరపెడుతున్నా సరే.

పవర్ కాగితం ఇండియా చేరిన తేదీ గుర్తుంచుకోండి. ఆ రోజు నుంచి మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేషన్ చేయించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి అదే ఆధారం.